అనంతపురంలో డిగ్రీ చదివే పాప రగ్బీ క్యాంపుకు పోతానంటాంది, పంపాలా?

శింగనమల మేనమామ:
మా అక్క కూతురు అనంతపురంలో డిగ్రీ ఫస్టియర్. ఇంటర్ దాకా 100 మీటర్లు పరిగెత్తేది, ఇప్పుడు కాలేజీ కబడ్డీ టీంలో రైడర్. వాళ్ళ పీడీ సార్ (ఆటల సార్) రగ్బీ సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ, సెలెక్షన్స్‌కు పిల్చుకపోయినాడు. బంతి పట్టుకోవడం నేర్చిందే ఈ మధ్య, అయినా స్పీడు చూసి రాష్ట్ర క్యాంపుకు రమ్మన్నారు. పళ్ళు రాలితే, కాలిరిగితే రేపు పెండ్లి ఎట్లని మా అక్క. ఈ ఆటతో ఉద్యోగం వస్తాదా అని మా బావ. పాప నన్ను పట్టుకునింది, "మామా, నువ్వు చెప్తే అమ్మ వింటాది" అని. నాకు ఈ ఆట తెలీదు. ఆడినోళ్ళు, ఆడించినోళ్ళు ఉంటే చెప్పండప్పా.

కర్నూలు వింగర్:
అన్నా, నేను కూడా పరుగు నుంచే రగ్బీకి వచ్చినా. రాష్ట్రం తరఫున వింగ్‌లో (మైదానం అంచున పరిగెత్తే చోటు) ఆడినా. పంపండి. అయితే పంపేముందు కోచ్‌ను ఒక మాట అడగాల: ట్యాకిల్ (బంతితో పరిగెత్తేవాళ్ళను పట్టి పడేయడం) ఎట్లా నేర్పిస్తారని.

మొదట మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తర్వాత నడుస్తా, ఆ తర్వాతే పరుగులో నేర్పించాల. ఎదుటి పిల్లకు మన భుజం తగలాల, తల ఆ పిల్ల నడుముకు వెనకవైపు పోవాల, రెండు చేతులూ తొడల చుట్టూ బిగియాల. తల ముందుకు పెడితే మోకాలు వచ్చి మొహానికి తగులుతాది. పళ్ళు రాలేది, మెడ పట్టేది ఎక్కువగా అట్లాంటప్పుడే. భుజాల పైన పట్టుకుంటే ఎట్లాగూ పెనాల్టీనే. కబడ్డీ పిల్ల కాబట్టి ఒంటికి ఒళ్ళు తగిలితే బెదరదు, అది పెద్ద లాభం. కానీ కబడ్డీలో మాదిరి ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకునే అలవాటు మాన్పించాల.

ఇంకోటి, మన పక్క గ్రౌండ్లు ఎండాకాలం బండలాగా అయిపోతాయి. ఆ నేల మీద ట్యాకిల్ వద్దే వద్దు. పచ్చిక ఉంటే సరే, లేకుంటే జూడో చాపల మీద పడటం నేర్పించమనండి. గట్టి నేల మీద పాసింగ్, టచ్ రగ్బీ (పడేయకుండా చేత్తో తాకి ఆపే ఆట) చాలు. పళ్ళకు పెట్టుకునే మౌత్‌గార్డ్ లేకుండా దిగనియ్యద్దు. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినా అదే నిమిషం బయటికి రావాల, ఆరోజు మళ్ళీ ఆడకూడదు. ఇది ఈ ఆటను నడిపే ప్రపంచ సంస్థ వరల్డ్ రగ్బీ నియమం. "ఏం కాలేదులే, ఆడు" అనే కోచ్ అయితే పాపను ఇంటికి పిల్చుకొచ్చేయండి.

లేటుగా మొదలుపెడుతోందని బాధ పడొద్దు. భారత జట్టుకు ఆడిన బీహార్ స్వీటీ కుమారి కూడా ముందు స్ప్రింటరే. భారత మహిళల 15 మంది జట్టు తొలి టెస్టు ఆడిందే 2018లో. మరుసటి ఏడాది మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించి మొదటి గెలుపు తెచ్చుకున్నారు. చివర్లో పెనాల్టీ కిక్ కొట్టిన సుమిత్రా నాయక్ ఒడిశా పిల్ల, భువనేశ్వర్‌లో గిరిజన పిల్లల విద్యాసంస్థలో చదువుకుంటా ఆట నేర్చుకునింది. ఆ మాట మీ అక్కకు చెప్పండి.

కడప పీడీ మేడం:
ఉద్యోగం సంగతి నేను చెప్తాను. కేంద్ర ప్రభుత్వం 2020లో స్పోర్ట్స్ కోటా ఆటల జాబితాను 43 నుంచి 63కు పెంచింది, రగ్బీ అప్పుడే చేరింది. కానీ క్యాంపుకు పోయొచ్చిన కాగితం పనికిరాదు. రాష్ట్రం తరఫున నేషనల్స్ గానీ, యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ గానీ ఆడిన సర్టిఫికెట్ కావాలి. అందుకని డిగ్రీ మాత్రం ఆపొద్దు. చదువు ఆపితే యూనివర్సిటీ దారి మూసుకుపోతుంది, డిగ్రీ అడిగే ఉద్యోగాలకు అర్హతా పోతుంది. క్యాంపు రోజులకు హాజరు ఇవ్వమని ప్రిన్సిపాల్‌కు ముందే లెటర్ పెట్టించండి, తర్వాత బతిమాలుకుంటే ఎవరూ వినరు.

సెవెన్స్ 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. సగానికి 7 నిమిషాలే, కాబట్టి 100 మీటర్ల పిల్లలకు సరిపోతుంది. 2025 ఆగస్టులో బీహార్ రాజ్‌గిర్‌లో జరిగిన ఆసియా అండర్-20 సెవెన్స్‌లో మన అమ్మాయిలు కాంస్యం తెచ్చారు. మీ పాప వయసు వాళ్ళే. మా జిల్లా శ్రీ చరణి కూడా వేరే ఆటలు ఆడి తర్వాతే క్రికెట్‌కు వచ్చింది. ఇప్పుడు ప్రపంచకప్ గెలిచిన జట్టు మనిషి.

ఆడపిల్లలకు మోకాలి లిగమెంట్ గాయాలు మగపిల్లలకంటే ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా వారానికి రెండు మూడు సార్లు స్క్వాట్లు, లంజ్‌లు చేయించాలి. తిండి తగ్గకూడదు. గుడ్డు, కందిపప్పు, మీ చేన్లో పండే వేరుశనక్కాయలు రోజూ పెట్టండి.

శింగనమల మేనమామ:
మీ ఇద్దరికీ దండాలు. రాత్రి అక్కకు అంతా చదివి వినిపించినా. తల వెనకవైపు పెట్టాలనే మాట దగ్గర ఆపి, "అట్లయితే ఆ సార్‌తో నేనే మాట్లాడతా" అనింది. శనివారం ఇద్దరం గ్రౌండుకు పోతాన్నాం. క్యాంపు హాస్టల్లో లేడీ వార్డెన్ ఉంటాదా అని కూడా అడగమనింది. ఇంకేమైనా అడగాల్సింది ఉంటే ఆ లోపల రాయండి.

కర్నూలు వింగర్:
ఫిజియో ఎవరు, దగ్గర్లో ఆస్పత్రి ఏది అని అడగండన్నా. మ్యాచ్ రోజు అంబులెన్స్ ఉంటాదా అని కూడా. పాపకు బూట్లు కొనేటప్పుడు ఫుట్‌బాల్ స్టడ్స్ చాలు, ఇప్పుడే ఖరీదైనవి వద్దు.