ఎలక్టివ్ (మనం ఎంచుకునే సబ్జెక్టు) ఏటి తీసుకోమంటారు?

గుణుపురం కుర్రాడు: బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగో సెమిస్టర్. బయోపెస్టిసైడ్లా (జీవ పురుగుమందులు), ప్రొటెక్టెడ్ కల్టివేషనా (పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ కప్పిన షెడ్డులో సాగు), అగ్రిబిజినెస్సా? మాకు జీడితోట, కొంచెం పత్తి ఉన్నాయి. "పాలీహౌస్ కట్టేదెవడ్రా" అంటున్నారు నాన్న.

పర్లాకిమిడి అన్న: నాన్నగారన్నది నిజమే తమ్ముడూ. పూత మీద టీ దోమ (రసం పీల్చే పురుగు) పడితే జీడి ఏమవుద్దో చూసే ఉంటావు. బయోపెస్టిసైడ్లు తీసుకో. తెగుళ్ళని ఆపే ట్రైకోడెర్మా, పురుగుల్ని చంపే బవేరియా శిలీంధ్రాలు నీ చేత్తో పెంచడం నేర్చుకో.

రాయగడ అక్క: మూడు క్రెడిట్లలో ప్రాక్టికల్‌ది ఒక్కటే. అది నిజంగా చేయిస్తారో లేదో ముందు సీనియర్లనడుగు. తర్వాత సెమిస్టర్‌లో అగ్రిబిజినెస్ వదలకు. మనం పిక్కలు దళారికిచ్చేస్తాం, పప్పు తీసి లాభం చూసేది పలాస! పీజీ ఆలోచనుంటే లెక్క వేరు.

గుణుపురం కుర్రాడు: క్లాసంతా ల్యాండ్‌స్కేపింగేనక్కా, మార్కులొస్తాయట.

రాయగడ అక్క: వాళ్ళకి జీడితోటుందేటి?