అప్‌డేట్: ట్యాలీ క్లాసు మధ్యలో మానేస్తున్న విద్యార్థులు – కారణం దొరికింది

కందుకూరులో సాయంత్రం ట్యాలీ (కంప్యూటర్‌లో వ్యాపార లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్పుతున్నానని, 20 మంది చేరితే మూడో వారానికి 12 మందే మిగులుతున్నారని, ఎందుకిలా అవుతోందని రెండు నెలల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

‘మానేసినవాళ్లనే అడగండి’ అన్న సలహా పనిచేసింది. ఫోన్ చేస్తే దాదాపు అందరిదీ ఒకటే మాట: డెబిట్, క్రెడిట్ సూత్రాల (ఏ ఖాతాలో ఏ వైపు రాయాలో చెప్పే నియమాల) దగ్గర ఆగిపోయారు, మళ్లీ అడగడానికి సిగ్గుపడ్డారు. అంటే లోపం నా పాఠంలోనే ఉంది. ఇప్పుడు మొదటి రోజే కిరాణా కొట్టు చిట్టా చేతికిచ్చి ఎక్కించమంటున్నాను. సరుకు అరువిస్తే కొన్నవాడి ఖాతా డెబిట్ అవుతుందని వాళ్లే పట్టేస్తున్నారు. ఒక్కరోజు రాకపోయినా ఆ రాత్రే పలకరిస్తున్నాను.

ఫీజుకూ మానేయడానికీ సంబంధం లేదు. తగ్గించిన నెలలోనూ అంతమందే మానేశారు.

ఈ బ్యాచ్‌కు ఐదో వారం, 18 మంది వస్తున్నారు. మానేసిన ఇద్దరిలో ఒకరికి పెళ్లి కుదిరింది. దానికి నా దగ్గర మందు లేదు.