2022లో వేసిన కిడ్నీ స్టెంట్ ఇప్పటికీ లోపలే ఉంది. పొగాకు వేలం అయ్యేదాకా ఆగవచ్చా?

టంగుటూరు కోడలు

అందరికీ నమస్కారం. మాది టంగుటూరు దగ్గర పల్లె. మా మామగారికి అరవై దాటాయి. పొగాకు రైతు. 2022 వేసవిలో ఎడమ మూత్రనాళంలో రాయి అడ్డుపడితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లేజరుతో తీయించారట. అప్పటికి నేను ఈ ఇంటికి రాలేదు. రాయి తీశాక మూత్రం దారి మూసుకోకుండా లోపల డీజే స్టెంట్ అనే గొట్టం పెట్టి పంపారు. దాన్ని మళ్లీ తీయించాలని ఇంట్లో ఎవరికీ తెలియదు. మా పెదమామగారికి గుండెలో స్టెంట్ ఉంది, ఇదీ అలాగే శాశ్వతంగా ఉండేదని అనుకున్నారు.

అప్పటి నుంచి మూత్రంలో మంట, రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేవడం, ట్రాక్టరు మీద ఎక్కువ దూరం వెళ్లిన రోజు మూత్రం ఎర్రగా రావడం. వయసు అన్నారు, వేడి అన్నారు, పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూర్చోవడం వల్ల అన్నారు. పోయిన వారం చలిజ్వరం వస్తే ఒంగోలులో ఎక్స్‌రే తీయించాం. కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా తెల్లటి గీత. రెండు కొనల దగ్గరా రేగిపండంత తెల్లటి ముద్దలు.

ఇద్దరు డాక్టర్లకు చూపించాం. ఒకరు "కెమెరా పెట్టి పది నిమిషాల్లో లాగేస్తాం, సాయంత్రానికి ఇంటికి వెళ్లవచ్చు" అన్నారు. రెండో ఆయన సీటీ, కిడ్నీ పనితీరు పరీక్ష చేయించమన్నారు, రెండు మూడు విడతల పని కావచ్చన్నారు, వెన్ను వైపు నుంచి కూడా వెళ్లాల్సి రావచ్చన్నారు. ఖర్చులో చాలా తేడా ఉంది. ఎవరిని నమ్మాలి?

మామగారేమో "ఇన్నేళ్లు ఉన్నది ఇంకో రెండు నెలలు ఉంటే ఏమవుతుంది? బేళ్లు అమ్ముడయ్యాక చూద్దాం" అని భీష్మించుకున్నారు. జ్వరం మాత్రలతో తగ్గింది కాబట్టి ఆయన మాటకే బలం వచ్చింది. ఆగవచ్చా? పాత ఆసుపత్రి వారిని అడిగే హక్కు మాకు ఉందా?

దర్శి శ్రీను

అమ్మా, భయపడకండి. మా బాబాయికి స్టెంట్ తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను, నిజంగా పది నిమిషాలే పట్టింది. ఆ ముద్దలు కరగడానికి రోజూ పొద్దున్నే కొండపిండి ఆకు కషాయం ఇవ్వండి. మా ఊళ్లో ఎంతమందికో రాళ్లు పడిపోయాయి. కరిగాక నిదానంగా తీయించుకోవచ్చు.

నెల్లూరు రిటైర్డ్ సిస్టర్

శ్రీను గారూ, మీ బాబాయికి వేసిన ఎన్నాళ్లకు తీశారు? నెలకో నెలన్నరకో అయి ఉంటుంది. అప్పుడు పది నిమిషాలే. ఇక్కడ లెక్క ఏళ్లలో ఉంది. కొండపిండి మీద నాకు పగ లేదు, సంక్రాంతికి మా ఇంట్లోనూ గుమ్మానికి కడతాం. కానీ ప్లాస్టిక్ గొట్టం చుట్టూ గట్టిపడిన సున్నపు పొరను ఏ ఆకు రసమూ కరిగించదు. కరుగుతుందని ఎదురుచూసే రోజుల్లో కిడ్నీ కరుగుతుంది.

అమ్మాయీ, నేను నెల్లూరులో యూరాలజీ (కిడ్నీ, మూత్ర సమస్యల) ఆపరేషన్ థియేటర్‌లో చాలా కాలం పనిచేసి రిటైర్ అయ్యాను. డాక్టర్‌ని కాను. మీ ఎక్స్‌రే నేను చూడలేదు. కాబట్టి ఏ ఆపరేషన్ చేయించుకోవాలో చెప్పను. ఎవరిని ఏమి అడగాలో మాత్రం చెప్పగలను.

ముందు ఆ వస్తువు ఏమిటో తెలుసుకోండి. పెద్దవాళ్లకు వేసేది సుమారు 24 నుంచి 28 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల లావు ఉండే మెత్తటి గొట్టం. పై కొన కిడ్నీలో, కింది కొన మూత్రాశయంలో చుట్టుకుని ఉంటాయి. అంతకుముందు వాడిన తిన్నటి గొట్టాలు జారిపోతుంటే, 1978లో ఫిన్నీ అనే అమెరికా యూరాలజిస్టు రెండు కొనలూ వంచిన ఈ రకాన్ని తెచ్చాడు. జారకుండా ఆపిన ఆ వంపే ఇప్పుడు మీ మామగారికి చిక్కు తెచ్చింది. తీసేటప్పుడు పై వంపు తిన్నగా సాగితేనే గొట్టం కిందికి వస్తుంది. దాని చుట్టూ రాయి కట్టుకుంటే సాగదు. సాగనిదాన్ని బలంగా లాగితే గొట్టం తెగవచ్చు. మూత్రనాళమే చిరిగి ఊడి రావచ్చు. అది ఎంత అరుదైనా, జరిగిందంటే మనిషి జీవితం మారిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది కూడా. పట్టుకోగానే ముక్కలైనవి నేను చూశాను.

రాయి ఎందుకు కట్టుకుంటుందంటే, మూత్రంలో ఉండే పరాయి వస్తువు మీద మొదట సూక్ష్మక్రిములు పొరగా పట్టుకుంటాయి, ఆ పొర మీద లవణాలు పేరుకుంటాయి. మామూలుగా రాయి తీశాక వేసిన స్టెంట్‌ను కొన్ని వారాల్లో తీసేస్తారు. ఎక్కువకాలం అవసరమైన వారికి రకాన్ని బట్టి మూడు నుంచి ఆరు నెలలకు మారుస్తారు. రాళ్ల తత్వం ఉన్నవారిలో, నీళ్లు తక్కువ తాగేవారిలో పొర త్వరగా పేరుకుంటుంది. బ్యారన్ మంట ముందు కూర్చుని పొగాకు ఆకు ఆరబెట్టే మనిషి ఎన్ని నీళ్లు తాగుతాడో నాకు తెలుసు, మా పుట్టిల్లు కొండపి వైపే.

ఇక ఇద్దరు డాక్టర్లలో ఎవరన్నది. మొదటాయన దగ్గరికే వెళ్లాలనుకుంటే ఒక్క ప్రశ్న అడగండి: "పై కొన తెరుచుకోకపోతే ఏమి చేస్తారు?" సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం కింద చూస్తూ మెల్లగా లాగి, రాకపోతే అక్కడే ఆపి వేరే దారి చూస్తామని చెప్పి, ఆ వేరే దారికి తగిన లేజరు, పరికరాలు అక్కడే ఉంటే ఆయనా మంచి డాక్టరే. "వస్తుందిలే అమ్మా" అన్నారంటే లేచి వచ్చేయండి. మీరు రాసినదాన్ని బట్టి రెండో ఆయన వరుసే నేను థియేటర్‌లో చూసిన వరుస. ముందు ఏ క్రిములు ఉన్నాయో తెలిపే మూత్రం కల్చర్ పరీక్షకు పంపి, దానికి తగిన యాంటీబయాటిక్ ఇస్తారు. క్రిములు ఉండగా లోపల కదిలిస్తే అవి రక్తంలోకి ఎక్కి ప్రాణం మీదికి వస్తుంది. తర్వాత కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్, మందు ఎక్కించకుండా తీసే సీటీ. అవసరమైతే డీటీపీఏ స్కాన్, అందులో ఎడమ కిడ్నీ ఎంత శాతం పనిచేస్తోందో తెలుస్తుంది. క్రియాటినిన్ బాగుందని ఊరుకోకూడదు, కుడి కిడ్నీ ఒక్కటే బండి లాగుతున్నా అది మామూలుగానే కనబడవచ్చు. ఎడమది దాదాపు పాడైపోయిందని తేలితే మాట్లాడుకోవలసిన ఆపరేషనే వేరు.

పని కింది నుంచి మొదలవుతుంది. మూత్రాశయంలోని ముద్దను పగలగొడతారు. నాళంలో అంటుకున్నచోట సన్నటి దూర్బీను పంపి లేజరు వాడతారు. కిడ్నీలో ముద్ద పెద్దదైతే వెన్ను వైపు నుంచి చిన్న రంధ్రం చేసి వెళతారు. ఒక్క మత్తులో అన్నీ అయిపోవచ్చు, విడతలుగా కావచ్చు. మధ్యలో కొత్త స్టెంట్ వేయవచ్చు. నవ్వకండి, ఇది నిజం. ఆ కొత్తదాన్ని ఎప్పుడు తీయాలో తేదీ రాయించుకోకుండా ఆసుపత్రి గడప దాటకండి.

వేలం సంగతి. చలిజ్వరం వచ్చిందంటే క్రిములు కిడ్నీ దాకా చేరి ఉండవచ్చు. మాత్రలతో తగ్గింది జ్వరం. గొట్టం అక్కడే ఉంది, దాని మీది క్రిములూ అక్కడే ఉన్నాయి. రెండు నెలలు ఆగడానికి నేను ఒప్పుకోను. రేపు వెళ్లి మూత్రం కల్చర్ ఇచ్చి రండి, దానికి వేలం అడ్డు రాదు. ఈలోగా మళ్లీ వణుకుతో జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, మనిషి మగతగా ఉన్నా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. గుండెకు ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్ర ఏదైనా వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి.

ఇంకొక మాట, ఇది నా కడుపుమంట. థియేటర్‌లో గాజుగుడ్డలు, సూదులు, పరికరాలు మొదలుపెట్టేముందు లెక్కపెడతాం, కుట్టేముందు మళ్లీ లెక్కపెడతాం. లెక్క తప్పితే సర్జన్ ఎంత అరిచినా కుట్టనిచ్చేదాన్ని కాదు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన చెక్‌లిస్టులోనూ ఆ లెక్క ఉంది. అయినా ప్రపంచమంతటా లోపల మిగిలిపోతూనే ఉన్నాయి. పాత ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రాశయంలో మిగిలిన గాజుగుడ్డ, దారి చూపడానికి పంపే గైడ్‌వైర్ తీగ విరిగిన కొన, కరగని కుట్టుదారం చుట్టూ కట్టుకున్న రాయి, గర్భసంచిని దాటి మూత్రాశయంలోకి వచ్చిన కాపర్ టీ. అవన్నీ ఉండకూడని చోట ఉన్నవి. స్టెంట్ మాత్రం తెలిసి ఉంచినది. అందుకే ఆ రోజు లెక్కలో అది తప్పుగా కనబడదు, ఆ తర్వాత దాన్ని లెక్కపెట్టేవారు ఉండరు. థియేటర్‌లో ఒక స్టెంట్ రిజిస్టరు పెట్టి, తేదీ దాటినవారికి ఫోను చేస్తే సరిపోయే పని ఇది. మేము చివరి రోజుల్లో అలా చేశాం. ఫోను చేస్తే "బాగానే ఉన్నాంగా సిస్టర్" అనేవారు ఎక్కువ. వారిని తిట్టి మరీ పిలిపించేదాన్ని.

ఒంగోలు వకీలు

సిస్టర్ గారు చెప్పినదానికి చట్టం సంగతి కలుపుతాను. ముందు కాగితాలు. ఇన్‌పేషెంట్ రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు దాచాలని వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. మీకు ఆ మూడేళ్లు దాటి ఉండవచ్చు, అయినా రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. డిశ్చార్జి సమ్మరీ ఇంట్లో ఉంటే ప్రతి పేజీ చూడండి. స్టెంట్ తీయించుకోవలసిన తేదీ అందులో రాసి ఉంటే మీ వాదం చాలా బలహీనపడుతుంది. స్టెంట్ వేసిన సంగతి ఉండి, తీయాలన్న మాట ఎక్కడా లేకపోతే అడగడానికి గట్టి ఆధారమే.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రెండేళ్లలో ఫిర్యాదు చేయాలి. లోపల వస్తువు మిగిలిన కేసుల్లో అది ఎప్పుడు తెలిసిందన్నది చూస్తారు. కానీ ఒక హెచ్చరిక. కడుపులో గాజుగుడ్డ మిగిలిన ఒక కేసులో, ఏళ్ల తరబడి నొప్పి ఉన్నా ఆపరేషన్ చేసిన డాక్టరును సంప్రదించలేదంటూ, గడువు దాటిందని 2010లో సుప్రీంకోర్టు ఫిర్యాదును కొట్టివేసింది. మీ మామగారి మూత్రం మంట కథను అవతలి వకీలు సరిగ్గా అలాగే వాడతాడు. కాబట్టి ఇప్పుడు తెలిసిన తేదీకి రుజువుగా ఎక్స్‌రే రిపోర్టు, చీటీలు జాగ్రత్త చేయండి. తీసిన స్టెంట్ ముక్కలను ఫొటో తీయించి, ఆపరేషన్ నోట్సులో రాయించండి. కేసు కోసం మాత్రం వైద్యాన్ని ఆపకండి.

టంగుటూరు కోడలు

సిస్టర్ గారూ, వకీలు గారూ, మీ ఇద్దరికీ రుణపడి ఉంటాను. రాత్రి మీ జవాబు మామగారికి చదివి వినిపించాను. "ఈ సిస్టర్ కొండపి మనిషా, అందుకే ఇంత గట్టిగా మాట్లాడుతోంది" అన్నారు. పొద్దున్నే కల్చర్ ఇచ్చి వచ్చాం. వేలం దగ్గర బేళ్లు మా వారు చూసుకుంటారు. రెండో డాక్టరు దగ్గరికే వెళుతున్నాం. డిశ్చార్జి కాగితంలో "స్టెంట్ వేయబడింది" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది, తర్వాత "రివ్యూ" అని మాత్రమే ఉంది. తేదీ లేదు.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. దీనికి వర్తిస్తుందా?

నెల్లూరు రిటైర్డ్ సిస్టర్

ఏ ఆపరేషన్ అవుతుందో దాన్ని బట్టి ఉంటుంది. వెళ్లే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర డాక్టరు రాసిన చీటీ, కార్డు చూపించి, అడ్మిట్ కాకముందే అడగండి. విడతలుగా చేస్తే రెండో విడతకు అనుమతి మళ్లీ కావాలా అన్నది కూడా అప్పుడే అడగండి. మధ్యలో తెలిస్తే డబ్బు కట్టాల్సి వస్తుంది.

మీ మామగారితో చెప్పండి, కొండపిలో అందరం ఇలాగే మాట్లాడతాం.

కావలి చదువరి

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి సిస్టర్ గారూ. నాకు పోయిన వారం రాయి తీసి స్టెంట్ వేశారు. దారం బయటికి కనిపిస్తోంది, తొడకు ప్లాస్టరుతో అంటించారు. అది దానంతట అదే వస్తుందా? నేను లాగవచ్చా?

నెల్లూరు రిటైర్డ్ సిస్టర్

దానంతట అది రావాలని ఎదురుచూడవద్దు. దారం ఉన్న స్టెంట్‌ను కెమెరా లేకుండానే తీయవచ్చు, కొందరు డాక్టర్లు ఇంట్లోనే లాగమని నేర్పి పంపుతారు కూడా. కానీ ఏ రోజు, ఎవరు లాగాలి అన్నది మీ డాక్టరు చెప్పాలి. ఈరోజే ఫోను చేసి అడగండి. అప్పటిదాకా దారం బట్టలకు చిక్కుకోకుండా చూసుకోండి. పొరపాటున ఊడి వస్తే పారేయకుండా ఒక కవరులో పెట్టి తీసుకువెళ్లండి, మొత్తం వచ్చిందో లేదో వారు చూడాలి.