పాత ఇంట్లో సీసం పెయింట్: ప్రభుత్వ గ్రాంట్ తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మేము అమెరికాలో, క్లీవ్‌లాండ్‌లో ఉంటాం. రెండేళ్ల క్రితం 1924లో కట్టిన ఇల్లు కొన్నాం. మా పాపకి ఇరవై నెలలు. పోయిన వారం రక్తపరీక్షలో సీసం డెసిలీటరుకు 6 మైక్రోగ్రాములు వచ్చింది. 3.5 దాటితేనే జాగ్రత్తపడాలని డాక్టర్ చెప్పారు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

ఇక్కడ ఇళ్లకి సీసం పెయింట్‌ని 1978లో నిషేధించారు. మాది అంతకుముందు ఇల్లే కదా. పైకీ కిందకీ జరిపే పాత కిటికీలు, తీసినప్పుడల్లా రాపిడికి పెయింట్ పొడిగా రాలుతోంది. పాప అక్కడే పాకుతుంది, చేతులు నోట్లో పెట్టుకుంటుంది. మావారు తనే గీకేస్తానన్నారు, నేను ఆపాను. పొడి గాల్లోకి లేస్తే ఇంకా ప్రమాదమట.

ఫెడరల్ గృహనిర్మాణ శాఖ, హడ్, నగరాలకీ కౌంటీలకీ ఇచ్చే గ్రాంట్లతో ఇలాంటి ఇళ్లు బాగుచేస్తారని తెలిసింది. ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉండాలి, ఆరేళ్లలోపు పిల్లలుండాలి. మాది ఒక్క జీతమే, సరిపోతుందనుకుంటున్నాను.

హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకి ఇస్తారా? తీసుకుంటే రేపు గ్రీన్‌కార్డ్‌కి ఇబ్బందా? ఇదే పెద్ద టెన్షన్. దరఖాస్తు పెట్టాక ఎన్నాళ్లకి పని మొదలైంది? పని జరిగే రోజుల్లో పిల్లలతో ఎక్కడ ఉన్నారు? ఈలోగా కిటికీలు మా డబ్బుతో మార్పిస్తే ఆ ఖర్చు తిరిగి ఇస్తారా?

మీ అనుభవం ఏదైనా, ఏ ఊరిదైనా సరే, దయచేసి రాయండి.