తలకు తగిలిన ట్యాకిల్‌కు 20 నిమిషాల రెడ్ కార్డు సరిపోతుందా?

ఎంవీపీ కాలనీ నుంచి, చర్చను ప్రారంభిస్తూ:

2023 అక్టోబరు 28న స్టేడ్ డి ఫ్రాన్స్‌లో జరిగిన రగ్బీ ప్రపంచకప్ ఫైనల్లో న్యూజిలాండ్ 11-12తో దక్షిణాఫ్రికా చేతిలో ఓడిపోయింది. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ చేసిన ట్యాకిల్ (బంతి పట్టుకున్నవాణ్ని పట్టి పడేయడం) మొదటి సగంలోనే దక్షిణాఫ్రికా ఆటగాడు జెస్సీ క్రీల్ తలకు తగిలింది. రిఫరీ ఇచ్చిన ఎల్లో కార్డును (10 నిమిషాలు బయట కూర్చోవడం) బంకర్‌లోని, అంటే మైదానం బయట రీప్లేలు చూసే గదిలోని, అధికారి రెడ్‌గా మార్చడంతో కేన్ మళ్లీ మైదానంలోకి రాలేదు. రెండో సగంలో దక్షిణాఫ్రికా కెప్టెన్ సియా కొలిసి తల న్యూజిలాండ్ ఆటగాడు ఆర్డీ సవేయా తలకు తగిలినప్పుడు మాత్రం ఎల్లో కార్డు ఎల్లోగానే మిగిలింది. కనురెప్పపాటులో జరిగిన తప్పుకు ఒక జట్టు యాభై నిమిషాలకు పైగా ఒక మనిషి తక్కువతో ఆడటం న్యాయమని నేను అనుకోను. అందుకే, సూపర్ రగ్బీ లీగ్‌లో మొదలై 2024 నవంబరు అంతర్జాతీయ మ్యాచ్‌లకూ యూరప్ జట్ల 2025 సిక్స్ నేషన్స్ పోటీకీ విస్తరించిన 20 నిమిషాల రెడ్ కార్డును సమర్థిస్తున్నాను. తప్పు చేసినవాడు తిరిగి రాడు, కానీ ఆ గడువు తీరాక అతని బదులు మరొకరు రావచ్చు. కావాలని కొట్టినవాడికి పూర్తి రెడ్ కార్డు ఎలాగూ ఉంది.

గాజువాక నుంచి:

దీనితో నేను ఏకీభవించలేను. తలకు తగిలే దెబ్బల విషయంలో రిఫరీలు అనుసరించవలసిన క్రమాన్ని ఆట పాలక సంస్థ వరల్డ్ రగ్బీ 2021లోనే ఇచ్చింది. తలకు తగిలిందా, అందులో ఆటగాడి తప్పు ఉందా, ప్రమాదం ఏ స్థాయిది, తీవ్రతను తగ్గించి చూడదగిన పరిస్థితి ఏమైనా ఉందా అని వరుసగా చూడాలి. బంతి పట్టుకున్నవాడు హఠాత్తుగా కిందికి వంగితే ఆ తగ్గింపు దొరకవచ్చు; ట్యాకిల్ చేసేవాడు మొదటినుంచీ నిటారుగానే వస్తే అది దొరకడం కష్టం. కేన్ నిటారుగా ఉన్నాడన్నది వీడియోలో ఎవరికైనా కనిపిస్తుంది.

ఇంత కఠినత్వం ఎందుకని అడిగేవారు స్టీవ్ థాంప్సన్‌ను గుర్తు చేసుకోవాలి. 2003లో ఇంగ్లండ్ జట్టులో ఉండి ప్రపంచకప్ గెలిచిన ఆ ఆటగాడు తనకు చిన్న వయసులోనే డిమెన్షియా వచ్చిందని 2020లో చెప్పాడు. ఆ కప్పు గెలిచిన సంగతే తనకు జ్ఞాపకం లేదన్నాడు. జట్టంతా నష్టపోతుందన్న భయం ఉన్నప్పుడే కోచ్ తన ఆటగాళ్ల చేత నడుము వంచి ట్యాకిల్ సాధన చేయిస్తాడు. ఆ భయాన్ని 20 నిమిషాలకు కుదిస్తే శిక్షణ కూడా అంతమేరకు సడలుతుంది.

సీతమ్మధార నుంచి, పిల్లలకు ఆటలు నేర్పే ఒకరు:

మన దేశంలో ఎక్కువగా కనిపించేది జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ. అందులో సగానికి 7 నిమిషాల చొప్పున మొత్తం ఆట 14 నిమిషాలే, ఎల్లో కార్డుకు శిక్ష 2 నిమిషాలే. కాబట్టి 20 నిమిషాల రెడ్ కార్డుకు అక్కడ అర్థమే లేదు. మన మైదానాల్లో బంకరూ రీప్లేలూ ఉండవు, ఒక్క రిఫరీ కళ్లు మాత్రమే ఉంటాయి. అందువల్ల నాకు కార్డు కంటే ట్యాకిల్ ఎత్తే ముఖ్యంగా తోస్తుంది. విశాఖ పిల్లలు చాలామంది కబడ్డీ చూస్తూ పెరిగినవారు. చీలమండ పట్టు, తొడ పట్టు తెలిసిన పిల్లవాడు రగ్బీలో సహజంగానే కిందికి దిగుతాడు. డ్యాష్ (ఢీకొట్టి గీత బయటికి నెట్టడం) అలవాటైనవాడు మాత్రం భుజంతో నిటారుగా వస్తాడు. కబడ్డీలో మెచ్చుకునే ఆ పని, చేతులతో చుట్టి పట్టకపోతే రగ్బీలో ఫౌల్. అతణ్ని మొదటి వారంలోనే విడిగా నిలబెట్టి మార్చాలి. ఫ్రాన్స్ తన అమెచ్యూర్ ఆటలో ట్యాకిల్‌ను 2019లోనే నడుము ఎత్తుకు దించింది. మనమూ పాఠశాల స్థాయిలో అదే నియమం పెట్టుకోవాలని నా కోరిక.

మధురవాడ నుంచి:

రిఫరీ వేన్ బార్న్స్ ఆ ఫైనల్ తరువాత రిటైరయ్యాడు. టీఎంఓగా (వీడియో చూసి రిఫరీకి సాయపడే అధికారిగా) ఉన్న టామ్ ఫోలీ తనకు వచ్చిన దూషణల కారణంగా అంతర్జాతీయ మ్యాచ్‌లకు దూరమయ్యాడు. నిర్ణయాన్ని విమర్శించండి, మనుషులను వదిలేయండి.

ఎంవీపీ కాలనీ నుంచి:

గాజువాక మిత్రులు చెప్పిన భయం అవసరమే, కానీ దానికి సరైన చోటు మ్యాచ్ తరువాతి విచారణ అని ఇప్పటికీ నా అభిప్రాయం. అక్కడే వ్యవస్థ బలహీనంగా ఉంది. 2023 ఆగస్టులో వేల్స్ మీద ఇంగ్లండ్ ఆటగాడు ఓవెన్ ఫారెల్ చేసిన ట్యాకిల్‌కు బంకర్ రెడ్ కార్డు ఇచ్చింది. విచారణ సంఘం దాన్ని కొట్టివేసింది. వరల్డ్ రగ్బీ అప్పీలు చేశాక చివరికి 4 మ్యాచ్‌ల నిషేధం పడింది. ఒకే వీడియో చూసినవారు ఇన్ని తీర్పులిస్తే ఏ కోచ్ దేనికి భయపడతాడు? తలకు తగిలిన నేరానికి నిషేధం 6 వారాల దగ్గర మొదలవుతుంది, ఆపై మంచి ప్రవర్తన వంటి కారణాలతో సగం దాకా తగ్గవచ్చు. కేన్‌కు చివరికి పడినది 3 మ్యాచ్‌లు. మైదానంలో శిక్షను 20 నిమిషాలకు తగ్గించాలంటే విచారణలో ఈ తగ్గింపులను ఎత్తివేయాలి. రెండుచోట్లా ఉదారంగా ఉండటాన్ని నేనూ ఒప్పుకోను.

బంకర్ గురించి మరొక మాట. రిఫరీ, టీఎంఓ మాట్లాడుకునేది ప్రేక్షకులకు మైకులో వినిపిస్తుంది. బంకర్‌లో మాత్రం అధికారి 8 నిమిషాల్లోగా నిర్ణయిస్తే, మనకు చేరేది ఫలితమే. క్రికెట్‌లో థర్డ్ అంపైర్ ఏ కోణం అడిగాడో, ఏం చూశాడో టీవీ ముందు కూర్చున్న మనం ప్రతి మాటా వింటాం. కేన్, కొలిసిల నిర్ణయాల వెనుక కారణాలను ఆ 8 నిమిషాల్లోనే అలా వినిపించి ఉంటే, తీర్పు నచ్చనివారికైనా దేనితో విభేదిస్తున్నారో తెలిసేది.