పాత ముక్కలతో కట్టిన యూనివర్సల్ జాయింట్‌కి పేటెంట్ ఇవ్వాలా, వద్దా?

గ్రీజుచేతులు:
నా పేటెంట్ అప్లికేషన్‌కి పేటెంట్ ఆఫీసు నుంచి ఎగ్జామినేషన్ రిపోర్ట్ వచ్చింది. రెండు రోజులుగా అదే తిరగేసి మరగేసి చదువుతున్నాను, మింగుడు పడటం లేదు.

విషయం ఇదీ. మామూలు యూనివర్సల్ జాయింట్ అంటే కోణంలో ఉన్న రెండు షాఫ్ట్‌లని, అంటే తిరిగే కడ్డీలని, కలిపేది: షాఫ్ట్‌ల చివర రెండు కొమ్ముల పట్ల లాంటి రెండు యోక్‌లు, మధ్యలో వాటిని కలిపే కూడిక గుర్తు లాంటి ఒక క్రాస్. రెండు షాఫ్ట్‌లూ ఒకే గీతలో ఉంటే ఏ గొడవా లేదు. కోణం పెరిగేకొద్దీ మాత్రం ఇటు షాఫ్ట్ నిలకడగా తిరుగుతున్నా అటు షాఫ్ట్ వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 30 డిగ్రీల దగ్గరైతే ఒక్క చుట్టులోనే రెండుసార్లు సుమారు 15 శాతం పైకి, 13 శాతం కిందకి. దీనికి మందు డబుల్ జాయింట్. రెండు క్రాస్‌లు, వాటి మధ్య ఇంకో యోక్ పెట్టి కోణాన్ని చెరిసగం పంచితే ఒకదాని ఊపుని రెండోది కొట్టేస్తుంది. ఆ చెరిసగం పంచే పని ఇప్పుడు మధ్యలో ఉండే బాల్, సాకెట్‌లది. గ్రీజు ఆరిపోతే ముందు అరిగేవి అవే.

నేను ఆ బాల్ తీసేసి మధ్య యోక్‌కి ఇటూ అటూ ఒకే గట్టిదనం ఉన్న రెండు స్ప్రింగ్ పలకలు పెట్టాను. పలకలో స్పైరల్‌గా చీలికలు కోశాను కాబట్టి పలక మొత్తం వంగాల్సిన అవసరం లేదు, చీలికల మధ్య మిగిలిన సన్నటి కాళ్లు మెలితిరుగుతాయి. రెండూ సమానంగా లాగుతాయి, మధ్య యోక్ తనంతట తానే సగం కోణం దగ్గర నిలబడుతుంది.

ఎగ్జామినర్ గారు రెండు పాత పేటెంట్లు చూపించారు. ఒకటి బాల్ ఉన్న డబుల్ జాయింట్, రెండోది పలుచటి స్టీల్ డిస్క్‌తో షాఫ్ట్‌లని కలిపే కప్లింగ్. బాల్ బదులు డిస్క్ పెట్టడం ఈ పని తెలిసిన ఎవరికైనా తడుతుందట, అలాంటిదానికి పేటెంట్ రాదని ఒక్క పేరాలో తేల్చేశారు. ఆ డిస్క్ తట్టుకునేది ఒకటి రెండు డిగ్రీలండీ! 30 డిగ్రీల్లో సగం, 15 డిగ్రీలు వంచితే కాసేపట్లో చిట్లిపోతుంది. నా డ్రాయింగ్ ముందు పెట్టుకుని, దానికి సరిపోయే కాగితాలు ఏరి తెచ్చినట్టుంది. ఇది న్యాయమేనా?

పాతలేతు:
బాధ అర్థమైంది గానీ నేను ఎగ్జామినర్ పక్షం. క్రాస్ జాయింట్ గురించి రాబర్ట్ హుక్ 1676లోనే రాశాడు. స్ప్రింగ్ పలకలు ఎప్పటినుంచో ఉన్నవే. ఒక పాత ముక్క తీసి ఇంకో పాత ముక్క పెట్టిన ప్రతివాళ్లకీ 20 ఏళ్ల హక్కు రాసిచ్చేస్తే, చిన్న షెడ్డులో జాయింట్లు రిపేరు చేసుకునేవాడు ఏ ముక్క ముట్టుకోవాలన్నా భయపడాలి. అమెరికా సుప్రీంకోర్టు 2007లో కేఎస్‌ఆర్, టెలీఫ్లెక్స్ కంపెనీల కేసులో చెప్పింది ఇదే కదా. యాక్సిలరేటర్ పెడల్‌కి సెన్సర్ తగిలించారు, రెండూ పాతవే, ఫలితం ఊహించదగ్గదే, కాబట్టి ఆ క్లెయిమ్, అంటే ఇంతవరకు నాది అని పేటెంట్‌లో రాసుకున్న వాక్యం, చెల్లదంది. పని తెలిసినవాడు మరబొమ్మ కాదు, అతనికీ కాస్త బుర్ర ఉంటుందని కూడా అంది. మీ స్ప్రింగ్ కూడా స్ప్రింగ్ చేసే పనే చేస్తోంది.

నీడిల్‌బేరింగ్:
అన్నా, అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని వదిలేస్తే ఎలా? జవాబు తెలిశాక వెనక్కి చూస్తే అన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి, ఆ పొరపాటు పడకూడదని, రెండింటినీ ఎందుకు కలుపుతారో కారణం విప్పి చెప్పాలని కూడా కోర్టు అంది. యూరప్ పేటెంట్ ఆఫీసులో అయితే ప్రశ్నే వేరు: కలపగలడా అని కాదు, కలిపి ఉండేవాడా అని.

ముక్కలు పాతవైతే చాలంటే 1920లలో రెజెప్పా అనే ఇంజనీర్ చేసిన జాయింట్ సంగతేంటి? బాల్స్ పాతవి, అవి దొర్లే గాడులు పాతవి, వాటిని పట్టి ఉంచే కేజ్ పాతదే. బాల్స్ అన్నీ ఎప్పుడూ రెండు షాఫ్ట్‌ల మధ్య కోణాన్ని సగం చేసే తలంలోనే ఉండేలా కట్టడం ఆయన చేసిన పని. ఈరోజు ముందు చక్రాలు లాగే కార్లలో తిరుగుతున్నది ఆ జాతి జాయింటే. ముక్కలు లెక్కపెట్టే కొలబద్దతో చూస్తే అదీ పోయేదే. ఒకటి రెండు డిగ్రీల డిస్క్ గురించి చదివినవాడు దాన్ని 15 డిగ్రీల చోట పెడదామని ఎందుకు అనుకుంటాడు? రిపోర్ట్‌లో దీనికి జవాబు లేకపోతే అది లోపమే.

క్లెయిమ్‌చదువరి:
గ్రీజుచేతులు గారూ, మీ మొదటి క్లెయిమ్‌లో ఆ భాగం ఉన్నదున్నట్టు పెట్టండి. డ్రాయింగ్ గురించి ఇంత మాట్లాడుకున్నాం, క్లెయిమ్ ఒక్కరూ అడగలేదు.

గ్రీజుచేతులు:
"మధ్య యోక్‌ను పక్క యోక్‌లలో కనీసం ఒకదానికి కలిపే, కనీసం ఒక సాగే గుణం గల భాగం." ఎంత విశాలంగా రాస్తే అంత మంచిదని ఏజెంట్ చెప్పారు.

క్లెయిమ్‌చదువరి:
చూశారా, చిక్కు ఇక్కడే ఉంది. ఇందులో స్పైరల్ లేదు, రెండు పలకలు లేవు, సమాన గట్టిదనం లేదు. స్టీల్ డిస్క్ కూడా సాగే గుణం గల భాగమే. ఎగ్జామినర్ పరీక్షించేది మీరు కంచె వేసి నాదని చెప్పిన స్థలాన్ని, అందులో మీరు కట్టిన ఇంటిని కాదు. ఆ కంచెలో డిస్క్ పెట్టిన జాయింట్ కూడా పడింది, కాబట్టి ఆయన చెప్పింది మీ జాయింట్ గురించి తప్పు, మీ క్లెయిమ్ గురించి చాలావరకు ఒప్పు. అయితే కలపడానికి కారణం రాయకపోవడం మాత్రం ఆయన లోపమే, ఆ విషయంలో నీడిల్‌బేరింగ్ గారితో ఏకీభవిస్తాను.

స్పైరల్ సంగతి, సమాన గట్టిదనం సంగతి దాఖలు చేసిన రోజు స్పెసిఫికేషన్‌లో, అంటే అప్లికేషన్‌తో ఇచ్చిన వివరణ, బొమ్మల్లో, ఉన్నాయా? లేకపోతే ఇప్పుడు కొత్తగా చేర్చనివ్వరు.

గ్రీజుచేతులు:
ఉన్నాయి. స్పైరల్ మూడో బొమ్మలోనూ వివరణలోనూ ఉంది, సమాన గట్టిదనం గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. కానీ స్పైరల్ అని క్లెయిమ్‌లో రాసేస్తే రేపు ఎవడో వంకర చీలికో అడ్డ చీలికో కోసి తప్పించుకుంటాడు. నా మూడేళ్ల పని అది.

పాతలేతు:
చీలిక ఆకారం రాయకుండా అది చేసే పని రాయొచ్చేమో చూడండి, కాళ్లు మెలితిరగడం వల్లే కోణం వస్తుందని. సరే, ఇంకో మాట. 30 డిగ్రీలు 15, 15గా కాక 16, 14గా పంచుకుంటే అటు షాఫ్ట్ వేగంలో సుమారు ఒక శాతం ఊగిసలాట వస్తుంది. తక్కువే, కానీ వేగం పెరిగితే మధ్య యోక్ బరువు స్ప్రింగ్‌ని ఓడించి ఆ పంపకాన్ని ఇంకా చెడగొట్టదా? అది కొలిచి చూపించండి, నేను మాట మార్చుకుంటాను. అప్పటిదాకా నాకది బాల్ బదులు పెట్టిన స్ప్రింగే.

క్లెయిమ్‌చదువరి:
పాతలేతు గారు అడిగిన కొలతే జవాబుకీ పనికొస్తుంది. స్పెసిఫికేషన్‌లో చెప్పిన ఫలితానికి ఆధారం తర్వాత ఇచ్చినా చాలాచోట్ల చూస్తారు. దాంతోపాటు రెండో పేటెంట్‌లోని డిస్క్‌ని అందులో చెప్పిన మందంతోనే చేయించి, మీ పలక ఎక్కించిన స్టాండ్ మీదే 15 డిగ్రీల దగ్గర తిప్పండి. ఎన్ని చుట్లకి చిట్లిందో రాయండి, ఫొటో పెట్టండి. కోపంగా రాసిన పది పేజీల కంటే ఆ చిట్లిన డిస్క్ ఎక్కువ మాట్లాడుతుంది.

గ్రీజుచేతులు:
డిస్క్ కొలతలు వాళ్ల వివరణలోనే ఉన్నాయి, కోయించడానికి ఇచ్చేస్తున్నాను. క్లెయిమ్‌లో రెండు పలకలు, సమాన గట్టిదనం, మెలితిరిగే కాళ్లు పెడతాను, స్పైరల్‌ని కింది క్లెయిమ్‌కి దించుతాను. పాతలేతు గారూ, ఏ వేగం దాకా కొలవమంటారు?