సమస్య: "మూడు లంబకోణముల త్రిభుజము"

నిర్వాహకుడు:
ఆటవెలది చివరి పాదం ఇది. కాగితం మీద త్రిభుజ కోణాల మొత్తం 180°. రెండు లంబకోణాలకే అది చెల్లిపోతుంది, ఇక ఆ రెండు భుజాలూ ఎక్కడా కలవవు. "లేదు, కాదు" అని తప్పించుకోకుండా, ఉన్నట్టు చూపే పూరణలే పంపండి. యతి మూ–ము. "ముల" తర్వాత "త్రి" వేరే పదం, సమాసం కాదు. కాబట్టి "ల" లఘువే.

వృత్తలేఖిని:
ఉత్తరధ్రువమున నుండి సూటిగ దిగి
మధ్యరేఖ వెంట మళ్ళి పావు
చుట్టు నడిచి పైకి చొచ్చిన నేర్పడు
మూడు లంబకోణముల త్రిభుజము

కోణమాని:
బాగుందండీ. ఈ పద్యానికి ప్రాణం "పావు" అన్న మాట. ధ్రువం దగ్గరి కోణం రేఖాంశాల తేడాయే కదా, అది 90° అయితేనే మూడోది లంబకోణం. ఒక్కో భుజం దాదాపు 10,000 కి.మీ. (1791లో మీటరును ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతుగా నిర్ణయించారు, అందుకే ఇంత గుండు అంకె.) 180కి మించిన 90°ని రేడియన్లలో రాసి వ్యాసార్ధ వర్గంతో గుణిస్తే వైశాల్యం వస్తుంది: గోళంలో సరిగ్గా ఎనిమిదో వంతు. నేల విడవకుండా, కోణాలు కొలిచే నేల వంపు తేల్చవచ్చన్నమాట.

సరళరేఖ:
అరువదవది యైన నక్షాంశరేఖపై
నిలువుగీత రెండు నిలిచినపుడు
ధ్రువము వద్ద కలియ దొరకదా మనకును
మూడు లంబకోణముల త్రిభుజము

కోణమాని:
దొరకదండీ! అక్షాంశరేఖను రేఖాంశాలు ఎక్కడైనా లంబంగానే కోస్తాయి, నిజమే. కానీ 60° అక్షాంశం గోళం మీద సరళరేఖ కాదు. గోళ కేంద్రమే తన కేంద్రమైన మహావృత్తం ఒక్కటే అక్కడ సరళరేఖ. అక్షాంశాల్లో ఆ అర్హత భూమధ్యరేఖకే ఉంది. లెక్క చూడండి: 60° మీద పావు చుట్టు సుమారు 5,000 కి.మీ. అవే రెండు బిందువుల మధ్య మహావృత్తం మీద 4,600 చాలు. ఆ దారిన గీస్తే కింది కోణాలు 49.1° చొప్పున వస్తాయి, మొత్తం 188.2° మాత్రమే. పైగా గీతల మధ్య ఎడమెంతో మీరు చెప్పలేదు. "యైన" కళ (తర్వాతి అచ్చుకు ముందు నకారం చేరని పదం) కనుక "నక్షాంశ" కాదు, "యక్షాంశ". మొదటి పాదం ఇలా మార్చి చూడండి: "అంశ సున్న యైన యక్షాంశరేఖపై".

వృత్తలేఖిని (రెండో పూరణ):
వెలుగు నడచు దారె విశ్వాన సరళము
అంబరమ్మె వంపు నందెనేని
కోట్ల యేండ్ల దవ్వు కొలిచిన దొరకును
మూడు లంబకోణముల త్రిభుజము

కోణమాని:
"నేని" పెట్టి బతికించారు. సూర్యుడి అంచున వెలుగు 1.75 సెకన్ల కోణమే (ఇక్కడ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వంగుతుంది. 1919 గ్రహణంలో పరీక్షించింది దాన్నే. విశ్వం మొత్తమ్మీద వంపు మాత్రం ఇప్పటి కొలతల్లో సున్నాకు చాలా దగ్గర. కనిపించే విశ్వం వ్యాసార్ధమే 4,600 కోట్ల కాంతి సంవత్సరాలు, "కోట్ల" సరిపోదు. "యేండ్ల దవ్వు" కూడా కాలమా, దూరమా అనిపిస్తోంది.

వృత్తలేఖిని:
అయితే మూడో పాదం ఇలా:
వేల కోట్ల యేండ్ల వెలుతురు దూరాన